ఒక సీనియర్, చుట్టూ పదిమంది

లా చదివే పిల్లలు మీ ఇంట్లోనో వీధిలోనో ఉంటే ఈ మాట మీ చెవినా పడే ఉంటుంది. అంతర్జాతీయ మానవ హక్కుల రంగంలోకి వెళ్ళాలి, ఎవరైనా అనుభవమున్న లాయరు దగ్గర చేరాలి అని. మంచి కోరికే. నాదొక్క మాట వినండి. ఆ పెద్ద లాయరు ఎదుట ఒంటరిగా కూర్చునే గంట కంటే పదిమందితో కలిసి కూర్చునే గంటే ఎక్కువ నేర్పుతుంది. ఒక్కరమే వెళితే మనకు తోచిందే అడిగి, దానికే జవాబు తెచ్చుకుంటాం. పక్కన నలుగురుంటే మనకు తట్టని ప్రశ్న వస్తుంది, తట్టినా మొహమాటంతో మింగేసిన ప్రశ్న కూడా వస్తుంది.

అలాంటి చోట ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. మన ఊళ్ళో జరిగిన అన్యాయాన్ని నేరుగా జెనీవాలోని ఐక్యరాజ్య సమితికి తీసుకెళ్ళొచ్చా? తెలిసిన లాయరు ఉన్నదున్నట్టు చెప్తారు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. కానీ వ్యక్తులు సొంతంగా ఫిర్యాదు చేసుకునే వీలిచ్చే అనుబంధ ఒప్పందంలో చేరలేదు. కాబట్టి ఆ ఒడంబడిక అమలును చూసే కమిటీకి మనం ఫిర్యాదు చేయలేం. ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధులకు రాయొచ్చు. వాళ్ళు ప్రభుత్వాన్ని వివరణ అడుగుతారు గానీ తీర్పు ఇవ్వలేరు. ఆ ఒప్పందంలో చేరిన దేశాల వాళ్ళయినా ముందు తమ కోర్టుల్లో ఉన్న దారులన్నీ చూసి రావాల్సిందే. అంటే ఎంత పెద్ద కేసైనా దాని బలం మొదట్లో మన పక్క కోర్టులో వేసిన కాయితాల్లోనే ఉంటుందన్నమాట. ఇది విని కొందరు పిల్లలు డీలాపడతారు. పడకూడదండీ, అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఈ పనిని గుంపుకి నేర్పిన మహానుభావుడి గురించి చెప్పాలి. చార్లెస్ హామిల్టన్ హూస్టన్, అమెరికాలోని వాషింగ్టన్‌లో 1895లో పుట్టిన నల్లజాతి న్యాయవాది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా వెళ్ళి, సొంత సైన్యంలోనే వర్ణవివక్ష చవిచూశారు. తిరిగొచ్చి హార్వర్డ్‌లో లా చదివారు, మాడ్రిడ్‌లోనూ చదివారు. 1929 నుంచి హోవార్డ్ విశ్వవిద్యాలయంలో లా కాలేజీ బాధ్యత తీసుకుని, అప్పటిదాకా రాత్రిబడిగా నడుస్తున్నదాన్ని పూర్తికాలపు కాలేజీ చేశారు. కుర్రాళ్ళని కఠినంగా నలిపేవారు. మొదటి రోజే, మీ కుడిపక్కా ఎడంపక్కా ఉన్నవాళ్ళు వచ్చే ఏడాది ఉండకపోవచ్చని చెప్పేవారట. నాకు ఆ కాఠిన్యం నచ్చుతుంది. కోర్టులో ఆ పిల్లల చిన్న తప్పు కూడా ఎవరూ క్షమించరని ఆయనకు తెలుసు.

1930లో ఆ క్లాసులో చేరినవాడే థర్గుడ్ మార్షల్. సొంత రాష్ట్రం మేరీలాండ్‌లోని విశ్వవిద్యాలయం అప్పట్లో నల్లవాళ్ళని చేర్చుకునేది కాదు కాబట్టి ఇక్కడికి వచ్చాడు. 1933లో క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చాడు. తర్వాత గురువూ శిష్యుడూ కలిసి అదే విశ్వవిద్యాలయం మీద కేసు నడిపి, ఒక నల్ల విద్యార్థికి సీటు ఇప్పించారు. హూస్టన్ 1930ల మధ్యలో కెమెరా పట్టుకుని దక్షిణ కరొలినా పల్లెలు తిరిగారు. తెల్లపిల్లల బడి ఎలా ఉందో, నల్లపిల్లల పాక బడి ఎలా ఉందో సినిమా తీశారు. మనవాళ్ళు నిజనిర్ధారణ అంటారే, అచ్చం అదే.

ఆయన 1935లో హోవార్డ్ వదిలి న్యూయార్క్ వెళ్ళినా, గుంపుగా నేర్చుకునే ఆ అలవాటు హోవార్డ్‌లో నిలిచిపోయింది. 1944లో పాలీ మరే అనే విద్యార్థిని, క్లాసులో ఒకే ఒక్క ఆడపిల్ల, నల్లవాళ్ళని వేరుగా ఉంచొచ్చన్న పాత తీర్పుని నేరుగా ఢీకొట్టాలని వాదించింది. తోటివాళ్ళు నవ్వారు. ఆ పాత తీర్పు పాతికేళ్ళలో కొట్టుడుపోతుందని ఆమె తన ప్రొఫెసర్ స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌తో పది డాలర్ల పందెం కాసింది. పదేళ్ళే పట్టింది. ఆమె రాసిన వ్యాసాన్ని రాబిన్సనే తర్వాత తీసి, వేరు బడులని కొట్టేయించిన బ్రౌన్ కేసు తయారీలో వాడుకున్నారు. గుంపులో నవ్వులపాలైన ఒకరి ఆలోచన గుంపు దగ్గర భద్రంగా ఉండి, అవసరానికి పనికొచ్చింది.

హూస్టన్ జబ్బుచేసి మంచానపడ్డారు. వాషింగ్టన్ బడుల కోసం పోరాడుతున్న గార్డ్‌నర్ బిషప్ అనే మంగలితో, కేసు ప్రొఫెసర్ జేమ్స్ నాబ్రిట్‌కి అప్పజెప్పమని చెప్పారు. 1950లో కన్నుమూశారు. 1954 మే 17న మార్షల్ వాదించిన బ్రౌన్ కేసూ, నాబ్రిట్ చేతికి వచ్చిన ఆ వాషింగ్టన్ కేసూ ఒకే రోజు గెలిచాయి. ఒక్క శిష్యుణ్ణే నమ్ముకునుంటే ఇది కుదిరేదా చెప్పండి? 1960లో మార్షల్ లండన్‌లో కెన్యా ప్రతినిధులకు హక్కుల పత్రం రాయడంలో సాయపడ్డాడు. అందులో అక్కడి మన భారతీయుల్లాంటి అల్పసంఖ్యాకులకు రక్షణ కావాలని పట్టుబట్టాడు. మేరీలాండ్ సీటు కేసులో చేయి తిరిగినవాడే కెన్యాకి పనికొచ్చాడు.

మన దగ్గరా ఈ పద్ధతి కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో కన్నబిరాన్ గారు కోర్టులోనూ, పౌరహక్కుల సంఘంలోనూ ఎంతోమందికి దారిచూపారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారు నల్లకోటు వేసుకోవడానికి ఎన్నో ఏళ్ళ ముందే, నిజనిర్ధారణ బృందాలతో ఊళ్ళు తిరిగారు. పోలీసు చెప్పిందీ, ఊరు చెప్పిందీ పక్కపక్కన పెట్టి చూడడం ఆయన ఆ నడకల్లోనే నేర్చుకున్నారు.

అందుకని మీ పిల్లలెవరైనా ఇలాంటి కూటానికి వెళుతుంటే ఒక్క పని చేయమనండి. ఆశయాలు రాసిన ఉత్తరం వద్దు, ఒక్క నిజమైన సంఘటన ఒక పేజీలో రాయాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు, ఏ కాయితం ఉంది, ఏది ఇంకా దొరకలేదు. బాధితుల పేర్లు మాత్రం దాచిపెట్టాలి, వాళ్ళ ఒప్పుదల లేకుండా ఆ పేజీ గడప దాటకూడదు. ఆ పేజీ సీనియర్‌తో పాటు మిగతా వాళ్ళందరికీ ముందే అందాలి. సీనియర్ నోరు విప్పేలోపే పక్కనున్న పిల్ల అడుగుతుంది, పోస్టుమార్టం నివేదిక ఎక్కడ అని.