బోర్డు తల్లిది, జీతం పిల్లది

బత్తలపల్లెకీ స్పెయిన్ విమానాలకీ ఏంటి సంబంధం అంటారా? మా అనంతపురం వైపు ఎవర్నడిగినా చెప్తారు. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో, బత్తలపల్లెలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో ఈ కరువు జిల్లాకొచ్చి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయారు. ఆయన పెట్టిన సంస్థ వల్ల స్పెయిన్ డాక్టర్లూ, దాతలూ ఈ దారిన వస్తూ పోతూ ఉంటారు.

వాళ్ళలో ఏ కానరీ దీవుల నుంచో బయల్దేరినవాళ్ళ టికెట్టు మీద మాడ్రిడ్ దాకా 'ఐబీరియా' అని ఉండొచ్చు. ఎక్కే విమానం మాత్రం చాలాసార్లు 'ఐబీరియా ఎక్స్‌ప్రెస్'ది. ఐబీరియా పెట్టిన పిల్ల కంపెనీ అది, 2012 మార్చి 25న ఎగరడం మొదలెట్టింది.

ఎందుకీ తిరకాసు? రయనెయిర్, ఈజీజెట్ లాంటి చౌక సంస్థలొచ్చాక దగ్గరి రూట్లలో పెద్ద సంస్థలకి గిట్టుబాటు కాలేదు. పోనీ మూసేద్దామంటే, మాడ్రిడ్ నుంచి దక్షిణ అమెరికా పోయే పెద్ద విమానాలకి జనాన్ని తెచ్చేదెవరు? వాగులు ఎండితే చెరువు నిండదు కదా. అందుకని కొత్త కంపెనీ, కొత్త ఉద్యోగులు, కొత్త జీతాలు. లుఫ్తాన్సా కూడా 2013 నుంచి, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ తగలని యూరప్ రూట్లని ఇలాగే జర్మన్‌వింగ్స్ చేతికిచ్చింది.

ఖర్చు తగ్గించడంలో కొంత నిజమైన తెలివి ఉంది. ఒకే రకం విమానాలు, నేల మీద తక్కువసేపు, గాల్లో ఎక్కువసేపు. దానికి దండం పెట్టాల్సిందే. మిగతాది మాత్రం, పాత జీతాల ఒప్పందం కొత్త కంపెనీకి వర్తించదు అనే కిటుకు. ఐబీరియా పైలట్లకి ఇది ముందే అర్థమైంది. పిల్ల కంపెనీ ఇంకా ఎగరకముందే, 2011 డిసెంబరులోనే సమ్మెకి దిగారు. పదేళ్ళయ్యాక ఆ పిల్ల కంపెనీ క్యాబిన్ సిబ్బందే జీతాలు పెంచమంటూ 2022 ఆగస్టు 28 నుంచి సెప్టెంబరు 6 దాకా సమ్మె చేశారు.

మన దగ్గర మాత్రం లేదా? ఎయిరిండియా 2005లో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌ని మొదలెట్టింది. గల్ఫ్‌కి కూలికి పోయే మనవాళ్ళకి బాగా తెలిసిన పేరే. 2024 మేలో దాని క్యాబిన్ సిబ్బంది, ఇంకో సంస్థని ఇందులో కలిపే క్రమంలో మమ్మల్ని సమానంగా చూడట్లేదంటూ, ఒక్కసారిగా సిక్ లీవు పెట్టేశారు. విమానాలు రద్దయ్యాయి. పాతికమంది దాకా ఉద్యోగాల్లోంచి తీసేసి, చర్చల తర్వాత మళ్ళీ తీసుకున్నారు.

మా వైపు శనక్కాయలు పీకే కాలంలో మేస్త్రీలు పనిని గుత్తకి ఒప్పుకుంటారు. కూలోళ్ళకి ఎంత ముట్టిందనేది రైతు అడగడు. ఇక్కడా అదే గుత్త. కాకపోతే ఈ మేస్త్రీ రైతు సొంత కొడుకు! అందుకే "అది వేరే కంపెనీ అండీ" అంటే నాకు నవ్వొస్తుంది.

మన ఐటీ వాళ్ళకి ఇదంతా కొత్తేం కాదు. నేనొక క్లయింటు ఆఫీసులో పనిచేసినప్పుడు అక్కడ బ్యాడ్జీ తాళ్ళు రెండు రంగులు. ఒకటి కంపెనీ వాళ్ళది, రెండోది మా కాంట్రాక్టు వాళ్ళది. ఒకే కోడు, ఒకే బగ్గు, అర్ధరాత్రి ఒకే కాల్. కంపెనీ వార్షికోత్సవానికి స్వీటు డబ్బాలు మాత్రం ఒక రంగు తాడు వాళ్ళకే వచ్చాయి. స్వీటు కోసం కాదు గానీ, ఆ పూట ఎవరూ ఎవరి మొహంలోకీ చూడలేకపోయాం.

టికెట్టు అమ్మేటప్పుడు విమానం నిజంగా నడిపేది ఎవరో ప్రయాణికుడికి చెప్పి తీరాలని 2005లో యూరప్‌లో నిబంధన పెట్టారు. మంచిదే. అయితే పేరు తల్లిది, ధర తల్లిది అయినప్పుడు, అదే పని చేసే మనిషి జీతం దగ్గరికొచ్చేసరికి పిల్ల కంపెనీ ఎందుకు గుర్తొస్తుంది? పని తీరు మార్చి మిగిల్చింది పొదుపు. జీతం చీటీ మీద పేరు మార్చి మిగిల్చింది ఆ ఉద్యోగి జేబులోది. నా లెక్క ఇంతే.

మీ ఆఫీసులో ఎన్ని రంగుల తాళ్ళున్నాయో రేపు ఓసారి లెక్కపెట్టి చూడండి.