తోటలో దప్పళం

కార్తీకమాసంలో ద్రాక్షారామం భీమేశ్వరుడి దర్శనం అయ్యాక కొబ్బరితోటలో వనభోజనాలంటే నాకు ముందు గుర్తొచ్చేది దప్పళమే. ఉసిరిచెట్టుకు కాస్త ఎడంగా రాళ్లు పేర్చి మంట వేస్తారు. కొబ్బరిమట్ట భగ్గున మండి చప్పున ఆరిపోతుంది. నిలకడగా ఉడకాలంటే కింద సరుగుడు కర్ర ఉండాల్సిందే. గుండిగలో ముందు చిలగడదుంప, ములక్కాడ. తర్వాత ఆనపకాయ, గుమ్మడి, చీల్చిన పచ్చిమిర్చి. ముక్క మెత్తబడ్డాకే చింతపండు పులుసు పోయాలి, ముందే పోస్తే ముక్క బిగుసుకుపోతుంది. ఆపైన బెల్లం, జారుగా కలిపిన బియ్యప్పిండి. పులుసు చిక్కబడి బుడగలు బద్దలవుతుంటే ఇంగువ తాలింపు చుయ్‌మంటుంది. అప్పుడు తోటంతా ఆకలే!

ఈమధ్య గ్యాస్ పొయ్యి తెచ్చేస్తున్నారు. నాకు నచ్చదు. కట్టెల పొగ తగలని దప్పళం ఇంట్లోనూ తినొచ్చు. వచ్చే కార్తీకానికైనా రాళ్లు పేర్చుదామని మావాళ్లని ఇప్పట్నించే బతిమాలుతున్నాను.