పడవ కట్టుకోవడానికో ఇల్లు

మా అన్నయ్య పాతికేళ్ళు ఓడల్లో ఇంజను పని చేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. కూర్చున్నాడన్నది మాట వరసకే లెండి. విశాఖపట్నంలో మూడో అంతస్తు ఫ్లాటులో ఆయనకి ఊపిరాడ్డం లేదట. "చిన్న బోటు ఒకటి కొనుక్కుంటాను. పెరటి గుమ్మం దిగితే బోటులో కాలు పెట్టాలి. అలాంటి ఇల్లు చూడండి" అని పోయినేడాది ఫోను చేశాడు. మేముండేది కాకినాడ కనక ఆ వెతికే పని మా నెత్తిన పడింది.

వదిన మాత్రం ఫోనులో ఏమీ అనలేదు. ఆవిడ పుట్టిల్లు తాళ్ళరేవు దగ్గర. 1996 నవంబరు 6 తుఫానుకి ఆవిడ మేనమామ పడవ మీద వెళ్ళి మరి తిరిగి రాలేదు. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమ కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడుకున్నాయి. నేనప్పుడు హైస్కూలు పూర్తిచేశాను, బాగా గుర్తు. వదిన ఇన్నేళ్ళలో ఆ మాట ఎత్తగా నేను వినలేదు. అలాంటి మనిషిని తెచ్చి నీళ్ళ ఒడ్డున కాపురం పెట్టమంటున్నాడు అన్నయ్య. పైగా రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా ఈ ఒక్క ఇంటికే. పొరపాటు జరిగితే మళ్ళీ సంపాదించుకునే వయసు కాదు.

సంక్రాంతి వెళ్ళాక ఇద్దరూ వచ్చారు. పుష్యమాసంలో ఇల్లు చూడ్డమేమిటని అమ్మ గొణిగింది. "కొనడం లేదమ్మా, చూడ్డమే" అని బయల్దేరదీశాడు అన్నయ్య.

మొదటిరోజు ఉప్పాడ వెళ్ళాం. ఉప్పాడ అనగానే మనకి జామ్‌దానీ చీర గుర్తొస్తుంది. ఆ మాట కొస్తే నేనూ వదినా ఒక మగ్గం ఇంటి దగ్గర అరగంట నిలబడిపోయాం, కొనలేదనుకోండి. అన్నయ్య చూపు మాత్రం సముద్రం మీదే. ఒడ్డున ఒక డాబా అమ్మకానికి ఉంది. మేడెక్కితే ఎదురుగా అంతా నీలం. ధర కూడా ఆశ్చర్యంగా తక్కువ. అంత తక్కువెందుకో పక్కింటి ముసలమ్మ చెప్పింది. కెరటాల కేసి చెయ్యి చూపించి, "మా అత్తోరి ఇల్లు అదిగో, అక్కడుండేదమ్మా" అంది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు! ఉప్పాడలో సముద్రం ఏళ్ళ తరబడి ఊరిని కోసుకుంటూ వస్తోంది. కాకినాడ వెళ్ళే బీచి రోడ్డు ఎన్నిసార్లు వేసినా అలలు కొట్టేస్తూనే ఉన్నాయి. కాకినాడకైతే ఎదురుగా హోప్ ఐలాండ్ అనే పొడుగాటి ఇసుక తిప్ప అడ్డం ఉంది. ఉప్పాడకి ఆ ఆసరా లేదు.

ఇంకో సంగతి అన్నయ్యే ఒప్పుకున్నాడు. అలలు విరిగే చోట పడవ కట్టుకోవడానికి వీల్లేదు. అక్కడి వాళ్ళు వేట నుంచి రాగానే నలుగురైదుగురు పట్టి ఇసుక మీదికి లాగేస్తారు. ఈయన ఒక్కడూ ఎక్కడ లాగుతాడు? సముద్రం కనిపించే ఇల్లు వేరు, పడవ నిలిచే ఇల్లు వేరని అక్కడికి తేలిపోయింది.

రెండోరోజు తాళ్ళరేవు వైపు. అక్కడ ఇప్పటికీ చెక్క పడవలు చేత్తో కట్టే వడ్రంగులున్నారు. కోరింగ మడ అడవుల చాటున ఏరు నిశ్చలంగా ఉంటుంది, గాలి పోటు ఉండదు. బ్రోకరు సరిగ్గా పది గంటలకి మమ్మల్ని ఒక పెంకుటింటికి తీసికెళ్ళాడు. పెరట్లో ఆరు మెట్లు, నాలుగో మెట్టు దాకా నీళ్ళు, ఓ పడవ తాడుకి ఊగుతోంది. అన్నయ్య ముఖం చూడాలి మీరు! అక్కడికక్కడే బయానా ఇచ్చేసేలా ఉన్నాడు.

వదిన నన్ను వంటింట్లోకి తీసికెళ్ళింది. అద్దెకున్న ఇల్లాలు మంచిది, అడిగినవన్నీ చెప్పింది. గ్యాసు పొయ్యి కాళ్ళు రెండేళ్ళకే తుప్పు పట్టాయిట. కిటికీ ఊచలు వేలితో గీరితే పొరలు పొరలుగా రాలుతున్నాయి. ఉప్పు డబ్బాలో ఉప్పు వానాకాలం నీరైపోతుంది. వడియాలు ఎంత ఎండలో పెట్టినా సాయంత్రానికి మెత్తబడతాయి. బావి నీళ్ళు ఉప్పన, పప్పు ఉడకదు, తాగడానికి టిన్నులు కొనుక్కోవాలి. ఫ్రిజ్జు గోడకి ఆనించి పెడితే వెనకాల గొట్టాలకి చిల్లు పడుతుందని కూడా చెప్పింది. (ఇవేవీ బ్రోకర్లు చెప్పరు, మగవాళ్ళు అడగరు.)

వదిన బయటికొచ్చి, "ఏమండీ, సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుందాం" అంది. బ్రోకరు నసిగాడు. "ఎందుకండీ, ఎండలో? ఇంకో ఇల్లు చూద్దారండి" అన్నాడు. ఆవిడ కదల్లేదు. తెచ్చుకున్న పులిహోర అరుగు మీద విప్పింది.

ఒంటిగంటకి నాలుగో మెట్టు తేలింది. మూడు దాటేసరికి ఆరు మెట్లూ తేలిపోయి, కింద నల్లటి బురద, బురదలో పీతలు పరుగులు, ఒకటే కంపు. పడవ పక్కకి ఒరిగి పడుకుంది. నీళ్ళు దూరంగా నడిమి పాయలోకి పోయాయి. అన్నయ్య వెదురు కర్ర తీసుకుని కొలవబోతే కర్ర బురదలో దిగిపోయింది. ఆయన బోటుకి కనీసం రెండడుగుల నీళ్ళు కావాలి, కింద తిరిగే ఇంజను రెక్కకి ఇంకో అడుగు. అంటే ఆ ఇంట్లో ఉంటే, పొద్దున వెళ్ళిన మనిషి సాయంత్రం మెట్ల దాకా రాలేక నడి ఏట్లో కూర్చోవాలి.

పోటు నుంచి పాటుకి సుమారు ఆరు గంటలు పడుతుంది. రోజూ ఈ వేళలు ముప్పావుగంటకి పైగా వెనక్కి జరుగుతాయి. పున్నానికి, అమావాస్యకి తేడా మరీ ఎక్కువ. బ్రోకరుకి ఇదంతా తెలుసు, అందుకే పది గంటలకి తెచ్చాడు. వదినకీ తెలుసు, ఆ ఏటి ఒడ్డున పెరిగింది కదా. ఓడల్లో పాతికేళ్ళు తిరిగిన అన్నయ్యకి తెలియదా అంటే, తెలుసు. కానీ పెద్ద ఓడ ఎవరి పెరట్లోకీ వెళ్ళదుగా! మీరెవరైనా నీటి ఒడ్డున ఇల్లు చూడబోతే ఒకే రోజు రెండుసార్లు చూడండి, పున్నానికో అమావాస్యకో చూస్తే మరీ మంచిది.

మూడోరోజు యానాం దారిలో గౌతమి గట్టుకి చేరాం. యానాంకీ ఎదుర్లంకకీ మధ్య 2002లో వంతెన వచ్చాక ఆ పక్క రాకపోకలు తేలికయ్యాయి గానీ, అంతకుముందు రేవు దాటడమే. గోదావరి అక్కడ చూస్తే అవతలి ఒడ్డు కొబ్బరిచెట్లు ఆవాలంత కనిపిస్తాయి. పాటు వేళ కూడా రేవు దగ్గర లోతుంటుంది.

యానాంకి కాస్త ఎగువన రెండిళ్ళు చూశాం. మొదటిది గట్టుకి ఏటి వైపు ఉంది. సొంత మెట్లు, మామిడిచెట్టు, ధర కూడా సగమే. దస్తావేజు చూపించమంటే మాసిపోయిన జిరాక్సు కాగితం ఒకటి చూపించారు. ఆటుపోటు వచ్చే ఏళ్ళ పక్కన కట్టడాలకి 1991 నుంచీ తీర నిబంధనలున్నాయి. మధ్యలో మారుతూ వచ్చాయి కూడా. లంక భూముల్లో పట్టా ఉందో లేదో చూసుకోవాలి. కాగితం సరిగ్గా లేని ఇంటికి బ్యాంకు అప్పూ రాదు, రేపు పిల్లలకి అమ్ముకోవడానికీ ఉండదు.

కాగితం కన్నా గోడే నిజం చెప్పింది. కిటికీ సగం దాకా మట్టి చార. 2022 జూలై వరద గుర్తట. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది, యానాం వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. 1986 ఆగస్టులో ముప్ఫై అయిదు లక్షలు దాటింది. ధవళేశ్వరంలో పది లక్షలకి మొదటి హెచ్చరిక, పదమూడుకి రెండోది, పదిహేడు లక్షలకి మూడోది వేస్తారు. ఆ ఇంట్లో ఉంటే మూడో హెచ్చరిక దాకా ఆగక్కర్లేదు, ముందే మంచాలు అటకెక్కించుకోవాలి.

రెండో ఇల్లు గట్టుకి ఊరి వైపు. రోడ్డు దాటి, గట్టెక్కి దిగితే రేవు. పెరట్లోంచి బోటులోకి కాలు పెట్టడం కుదరదు, నూరడుగులు నడవాలి. అన్నయ్య మొహం ముడుచుకున్నాడు. "ఇంతదాకా వచ్చి గట్టు చాటున ఉండటమేమిటే చెల్లాయ్? నీళ్ళే కనిపించవు" అన్నాడు. నేనేం చెప్పను?

వదిన ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులేసుకుని ఊళ్ళోకి నడవడం మొదలుపెట్టింది. వెనకాలే వెళ్ళాను. రెండంతస్తుల బడి దగ్గర ఆగింది. తుఫానప్పుడు జనాన్ని ఉంచేది ఇక్కడేనా అని కాపలా మనిషిని అడిగింది. అవునన్నాడు. గడియారం చూసుకుంది. "ఏడు నిమిషాలు. చీకట్లో, వానలో అయితే పదిహేను వేసుకో" అంది నాతో. తిరిగొచ్చి అన్నయ్యకి ఒక్కటే చెప్పింది. "మీరు ఏట్లో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది నేనండీ. ఇదైతే ఉంటాను. ముందు ఏడాది అద్దెకి తీసుకోండి. ఒక వరదా, ఒక తుఫాను కాలమూ చూశాక కొందాం."

అన్నయ్య సముద్రం మీద ఎవరి మాటా వినని మనిషి, అప్పుడు విన్నాడు.

ఉగాది వెళ్ళాక ఆ ఇంట్లో చేరారు. కిటికీ ఊచలు చెక్కవి వేయించారు. ఫ్రిజ్జు గోడకి జానెడు దూరంలో పెట్టారు. శ్రావణంలో నీళ్ళు ఎర్రగా గట్టు కింద దాకా వచ్చాయి, దాటలేదు. నేను దీపావళికి వెళ్ళినప్పుడు అన్నయ్య రేవులో బోటు కడుగుతున్నాడు. పోపు వేద్దామని పోపుల పెట్టె తీస్తే ఆవాల పక్కన ఎర్రటి చుట్టల తాడు! అది ఇంజనుకి తగిలిస్తే గానీ బోటు కదలదట. రేడియోలో వాయుగుండం అన్న మాట వినపడిన రోజు అది అక్కడే ఉంటుందని చెప్పి, వదిన నా చేతిలోంచి పెట్టె తీసుకుని మూత పెట్టేసింది.