డ్యూయెట్లు చూపించని లోయ

స్విట్జర్లాండ్ అనగానే మనకేం గుర్తొస్తుంది? పచ్చటి పచ్చిక, వెనకాల మంచుకొండ, ఆ చలిలో షిఫాన్ చీర కట్టుకుని నవ్వుతున్న హీరోయిన్! 1964లోనే 'సంగం' కోసం రాజ్‌కపూర్ ఆల్ప్స్ దాకా వెళ్లాడు. 1989 తర్వాత కాశ్మీర్‌లో పరిస్థితులు చెడి షూటింగులు కష్టమయ్యేసరికి, యశ్ చోప్రా ఈ దేశాన్ని దాదాపు సొంత స్టూడియో చేసేసుకున్నాడు. మన తెలుగు నిర్మాతలూ పాటల కోసం విమానమెక్కారు. ఇంటర్లాకెన్‌లో 2016లో చోప్రాకి ఏకంగా కంచు విగ్రహమే పెట్టారంటే చూడండి!

ఆ విగ్రహానికో నమస్కారం పెట్టి నేను రైలెక్కాను. ఇరవై నిమిషాల ప్రయాణం. ఎక్కేముందు పెట్టె చూసుకోవాలి సుమా! దారిలో త్స్వైలూచినెన్ దగ్గర రైలు రెండుగా విడిపోతుంది. సగం గ్రిండెల్‌వాల్డ్‌కి, సగం లౌటర్‌బ్రున్నెన్‌కి. నల్ల లూచినె, తెల్ల లూచినె అనే రెండు ఏళ్లు కలిసేదీ అక్కడే. నేను తెల్లదాని వెంట పోయాను. పేరుకు తగ్గట్టే నీళ్లు మజ్జిగ రంగులో ఉన్నాయి. హిమానీనదాలు కొండల్ని అరగదీసిన రాతిపొడి అది.

లౌటర్‌బ్రున్నెన్ లోయలో నేల బల్లపరుపు. రెండువైపులా గోడ కట్టినట్టు నిటారైన రాతికొండలు. ఒకప్పుడు హిమానీనదం నిండుగా పారి ఇలా తొలిచేసింది. ఆ గోడల మీంచి 72 జలపాతాలు దూకుతాయని చెప్పుకుంటారు. ఊరి నెత్తిమీదే ఉన్న స్టౌబాఖ్ ఎత్తు దాదాపు 300 మీటర్లు. కింద పడేలోపే సగం నీరు తుంపరై గాలిలో కలిసిపోతుంది. 1779లో జర్మన్ మహాకవి గోథే దీన్ని చూసి కవిత రాశాడు. 1911లో ఇటు నడిచొచ్చిన ఓ పంతొమ్మిదేళ్ల ఇంగ్లీషు కుర్రాడి మనసులోనూ ఈ లోయ ఉండిపోయింది. ఆ కుర్రాడే టోల్కీన్! 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లోని రివెండెల్‌కి ఆధారం ఈ లోయే అంటారు. సినిమా మాత్రం న్యూజిలాండ్‌లో తీశారు, పాపం!

జేమ్స్‌బాండ్ అలా వదల్లేదు. షిల్ట్‌హార్న్ శిఖరం మీద, 2970 మీటర్ల ఎత్తున, గుండ్రంగా తిరిగే హోటల్ కడుతుంటే యూనిట్ వాళ్లొచ్చి, పని పూర్తికావడానికి డబ్బు పెట్టి, 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' (1969)లో విలన్ స్థావరంగా వాడుకున్నారు. నవలలోని 'పిజ్ గ్లోరియా' పేరే ఆ హోటల్‌కి ఖాయమైపోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ట్రుమ్మెల్‌బాఖ్. కొండ కడుపులో పది జలపాతాలు! లిఫ్టులో లోపలికి తీసుకెళతారు. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల మంచు కరిగిన నీరంతా, సెకనుకి 20,000 లీటర్ల దాకా, ఇందులోంచే పోతుంది. కాళ్ల కింద రాయి అదురుతుంటుంది. ఎంత పెద్ద లౌడ్‌స్పీకర్ పెట్టినా హీరోకి పాట వినబడదు. మనవాళ్లు ఇక్కడ డ్యూయెట్ పెట్టనిది అందుకేనేమో!

ఇక ఆ పచ్చిక సంగతి. ఓ జంట చేతులు చాచి, అచ్చం పాటలోలాగే, గడ్డిలోకి పరుగెత్తింది. కొడవలి భుజానేసుకున్న ఓ ముసలాయన వేలు ఊపి బయటికి రమ్మన్నాడు. కోపం రాదూ మరి? అది పార్కు కాదు, పశువుల గ్రాసం. గడ్డి కోసి, ఎండబెట్టి, చలికాలమంతా ఆవులకి వేస్తారు. తొక్కి పడుకోబెట్టిన గడ్డి కోతకి సరిగా అందదు. ఆవులు వేసవికి ఎగువ మేతలకి వెళ్లి, సెప్టెంబరులో తలలపై పూలతో, మెడల్లో పెద్ద గంటలతో దిగివస్తాయి. ఎంత ముచ్చటైన సీను! మన కెమెరాలు దాన్ని ఎందుకు వదిలేశాయో తెలీదు.

లోయకి ఇప్పుడు రెండు బెంగలు. జనం తాకిడికి తట్టుకోలేక 2024లో, ఒక్కపూట చూసిపోయే కార్లవాళ్ల దగ్గర ప్రవేశరుసుం వసూలు చేద్దామా అని ఊరివాళ్లు ఆలోచించారు. రెండోది మంచు. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు పదోవంతు కరిగిపోయాయి. ఏటినీ, జలపాతాల్నీ వేసవంతా పోషించేది ఆ మంచే.

వెళ్లగలిగితే మే, జూన్ నెలల్లో వెళ్లండి. జలపాతాలు నిండుగా ఉంటాయి. పైనున్న మ్యూరెన్, వెంగెన్ ఊళ్లలో కార్ల రొద ఉండదు, వెంగెన్‌కి రైల్లోనే ఎక్కొచ్చు, మ్యూరెన్‌కైతే కేబుల్‌కారు ఎక్కాలి. డ్యూయెట్ పాడాలనిపిస్తే నిక్షేపంగా పాడుకోండి, కంచెకి ఇవతల!