ఆడమ్స్ నదీతీరాన ఒక ఉదయం

ఉద్యోగ విరమణ అనంతరం 2022 అక్టోబరులో కెనడాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, సాకై సామన్ చేపలను ఛాయాచిత్రాలు తీసే అవకాశం నాకు లభించింది. బ్రిటిష్ కొలంబియాలో, కామ్‌లూప్స్ పట్టణానికి తూర్పున, ఆడమ్స్, షుస్వాప్ సరస్సుల నడుమ 11 కిలోమీటర్లు ప్రవహించే చిన్న నది ఆడమ్స్. 2010, 2014, 2018, 2022... ఇలా నాలుగేళ్లకొకసారి ఇక్కడికి చేపలు అత్యధిక సంఖ్యలో తరలివస్తాయి.

గట్టుపై నిలబడి చూస్తే నీటిలో కుంకుమ కలిపినట్లుంది. సముద్రంలో వెండిరంగులో మెరిసే ఈ చేప మంచినీటిలో ప్రవేశించినది మొదలు ఆహారం ముట్టదు. ఒంటిలోని కొవ్వునే కరిగించుకుంటూ, ఫ్రేజర్, థాంప్సన్ నదులకు ఎదురీదుతూ, సుమారు 500 కిలోమీటర్లు ప్రయాణించి పుట్టినచోటికే చేరుకుంటుంది. అప్పటికి దేహం ఎర్రబడి, తల ఆకుపచ్చగా మారుతుంది. మగచేపకు మూపు లేచి, దవడ కొక్కెంలా వంగుతుంది. ఆడచేప తోకతో గులకరాళ్లను తొలిచి, గూడు చేసి, వేలకొలది గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పుతుంది. కొద్దిరోజులకే రెండూ మరణిస్తాయి. వాటి కళేబరాలే ఆ నదికి, ఒడ్డునున్న అడవికి ఎరువు.

నీటిపై పడిన ఆకాశపు మెరుపు వలన మొదట తీసిన చిత్రాలన్నీ తెల్లబోయాయి. పోలరైజింగ్ ఫిల్టరు అమర్చి తిప్పగానే మెరుపు తొలగి, అడుగున చేపలు స్పష్టమయ్యాయి. అయినా తృప్తి కలుగలేదు. ఇంకొంచెం దగ్గరగా తీయాలన్న ఆశతో బూట్లు విప్పి నీటిలో కాలు పెట్టబోయాను.

"తాతయ్యా, ఆగు! రాళ్లకింద గుడ్లున్నాయి" అని మనుమరాలు కేక వేసింది.

వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. మూడు దశాబ్దాలు జలవిద్యుత్ కేంద్రాలలో పనిచేసిన నాకు నది అంటే ఘనపుటడుగుల లెక్క. నాలుగేళ్ల నిరీక్షణ నా పాదం కింద ఉండవచ్చునని తోచనేలేదు.

1914లో రైలుమార్గ నిర్మాణం వలన కొండచరియలు విరిగి, ఫ్రేజర్ నదిలోని హెల్స్ గేట్ వద్ద ఈ చేపల దారి మూసుకుపోయింది. 1940వ దశకంలో అక్కడ ప్రత్యేకంగా చేపదారులు కట్టారు. దారి మూసినదీ, తెరిచినదీ మనబోటి ఇంజనీర్లే! మన గోదావరిలో వరదనీటికి ఎదురీదే పులస గుర్తుకు వచ్చింది. దానికి ధవళేశ్వరం వద్ద ఆనకట్ట అడ్డు.

చివరకు గట్టుపైనుండే ఒక చిత్రం తీశాను. తోక అరిగి తెల్లబడిన ఆడచేప ఒకటి తన గూటిపై కదలకుండా నిలిచి ఉంది. చిత్రం కొంచెం మసకగానే వచ్చింది. అయినా మా ఇంటికి వచ్చినవారికి ముందుగా దానినే చూపిస్తున్నాను.