కాలూ చెయ్యీ సరే, మనసు సంగతో?

పక్షవాతం వచ్చినవాళ్ళని చూడ్డానికొచ్చే చుట్టాలందరిదీ ఒకటే డైలాగ్: "మీరు ధైర్యంగా ఉండాలండీ, సగం జబ్బు మనసులోనే ఉంటుంది." మా నాన్నకి స్ట్రోక్ వచ్చిన ఈ ఆరు నెలల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు.

చెయ్యి కాస్త లేస్తోంది, మాట తేరుకుంది. కానీ ఫిజియోథెరపిస్ట్ వస్తే మొహం గోడవైపు తిప్పేసుకునేవారు. క్రికెట్ పెట్టినా చూసేవారు కాదు. రాత్రి మూడింటికే మెలకువ. "అన్నయ్యకి మొండితనం ఎక్కువైంది" అని బాబాయి తేల్చేశాడు. డిశ్చార్జి కాగితాల్లో బీపీ మాత్రలు, ఆస్పిరిన్, ఎక్సర్‌సైజులు అన్నీ ఉన్నాయి, మనసు గురించి ఒక్క ముక్క లేదు.

స్ట్రోక్ నుంచి బయటపడ్డవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుందట. మన భాషలో చెప్పాలంటే ఇది కార్నర్ కేస్ కాదు!

ఒత్తిడి రాగానే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీకి కబురు పంపుతుంది, అది మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులకి. అవి కార్టిసాల్ వదుల్తాయి. సరిపడా అయ్యాక ఆ కార్టిసాలే మెదడుకెళ్ళి "ఇక చాలు" అంటుంది. మనకి తెలిసిన ఫీడ్‌బాక్ లూపే. స్ట్రోక్ తర్వాత కొందరిలో ఈ "ఇక చాలు" సరిగా పనిచెయ్యదు, అలారం మోగుతూనే ఉంటుంది. అలా ఎక్కువకాలం సాగితే నిద్ర, జ్ఞాపకం, ఉత్సాహం అన్నీ దెబ్బతింటాయి. దాన్ని మొండితనం అంటే ఎలా? అలాగని కార్టిసాల్ ఒక్కటే విలన్ కాదు. మెదడుకి తగిలిన దెబ్బ, స్నానానికి కూడా ఇంకొకరి మీద ఆధారపడాల్సి రావడం, ఇవన్నీ ఉన్నాయి. కార్టిసాల్ కొలిచి డిప్రెషన్ తేల్చడమూ కుదరదు. (రాస్తున్నది డాక్టరు కాదు, జావా కోడ్ రాసుకునేవాడు.)

మరి అందరికీ ముందే మందు ఇచ్చేస్తే? బ్రిటన్‌లో 3,127 మందితో చేసిన ఫోకస్ ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. ఆరు నెలలు ఫ్లూఆక్సెటిన్ ఇస్తే డిప్రెషన్ తగ్గింది గానీ కాళ్ళూ చేతులూ తేరుకోవడంలో తేడా లేదు, పైగా ఎముకలు విరగడం పెరిగింది. కాబట్టి ఎవరికి అవసరమో అడిగి తెలుసుకోవాల్సిందే.

అడగడానికి స్కానింగులక్కర్లేదు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, దిగులుగా ఉంటోందా, ఈ రెండు ప్రశ్నలతో మొదలుపెట్టొచ్చు. న్యూరాలజిస్ట్ దగ్గర నేనే ఎత్తాను. నాన్న రెండిటికీ తలూపారు. సైకియాట్రిస్ట్ అనగానే అమ్మ "పిచ్చి డాక్టరా?" అంది. అయినా వెళ్ళాం.

మందు మొదలుపెట్టి ఐదు వారాలైంది. నిద్ర నయం. ఫిజియో అంటే ఇంకా విసుగే. ఎముకల సంగతి చదివాను కనక బాత్రూంలో పట్టుకోడానికి రాడ్లు బిగించాం.