ఏడు రోజుల గడువు

నేపియర్, 2023 జనవరి 19

నాన్నగారూ,

ఈ ఊరు 1931 భూకంపంలో కూలిపోయి, కొత్త తరహా మేడలతో మళ్లీ లేచింది. వాటి గురించే రాద్దామనుకున్నాను. మధ్యాహ్నానికల్లా అంతా మారిపోయింది. లేబర్ పార్టీ ఎంపీల సమావేశాలు ఇక్కడే జరుగుతున్నాయి. న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ తాను దిగిపోతున్నానని, ఫిబ్రవరి 7 దాటి ఉండనని చెప్పేశారు. సర్వేల్లో పార్టీ వెనకబడిందన్నది నిజమే. కానీ ఆవిడను ఎవరూ దించలేదు. ఈ పనికి కావలసిన శక్తి ఇక తనలో లేదని ఆవిడే అన్నారు. క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు, వైట్ ఐలాండ్ అగ్నిపర్వతం, కరోనా, అన్నీ ఆవిడ హయాంలోనే. తన పాప ఈ ఏడు బడికెళ్లేటప్పుడు పక్కనుంటానని, సహచరుడు క్లార్క్‌తో ఇక పెళ్లి చేసుకుందామని అక్కడే చెప్పారు. వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి.

వెల్లింగ్టన్, జనవరి 22

నాన్నగారూ,

"సభ్యులు ఓటెయ్యరా? యూనియన్ల మాటేమిటి?" అని ఫోన్‌లో అడిగారు. అన్నేళ్లు సంఘంలో పనిచేసినవారు, మీకు రావలసిన ప్రశ్నే. పార్టీ నాయకుడి ఎన్నికలో ఇక్కడి ఓట్ల లెక్క ఇదీ: ఎంపీలకు 40 శాతం, సభ్యులకు 40, అనుబంధ యూనియన్లకు 20. అయితే 2021లో ఒక నియమం చేర్చారు. పదవి ఖాళీ అయిన ఏడు రోజుల్లోగా ఎంపీల్లో మూడింట రెండు వంతుల మంది ఒకరిని ఒప్పుకుంటే అక్కడితో సరి. కుదరకపోతేనే విషయం సభ్యుల దాకా వెళుతుంది. ఎన్నికల ఏడాదిలో పార్టీ నెలల తరబడి తనలో తాను కొట్లాడుకుంటే ఏమవుతుందో ఆ 64 మంది ఎంపీలకూ తెలుసు. ఉపప్రధాని గ్రాంట్ రాబర్ట్‌సన్ మొదటి రోజే పోటీలో లేనన్నారు. నిన్న గడువు ముగిసేసరికి మిగిలింది ఒకే పేరు, క్రిస్ హిప్కిన్స్. ఇవాళ ఎంపీలు ఆయన్ని ఖాయం చేశారు.

వెల్లింగ్టన్, జనవరి 25

నాన్నగారూ,

నిన్న వాంగనుయి దగ్గర రాతానా అనే మావోరీ ఊరికి వెళ్లాను. అదే పేరున్న మతసంఘాన్ని స్థాపించిన ప్రవక్త జయంతికి ఏటా నాయకులంతా వస్తారు. లేబర్‌తో వాళ్ల పొత్తు 1936 నాటిది. బ్యాండు మేళాల మధ్య దిగిపోయే ప్రధాని, రాబోయే ప్రధాని, ప్రతిపక్ష నేత లక్సన్, ముగ్గురూ ఒకే చోట! ప్రధానిగా ఆర్డెర్న్‌కు అదే చివరి బహిరంగ కార్యక్రమం.

ఇవాళ పార్లమెంటు ముందు సిబ్బంది చప్పట్ల మధ్య ఆవిడ కారెక్కి, గవర్నర్ జనరల్‌కు రాజీనామా ఇచ్చారు. వెంటనే హిప్కిన్స్ ప్రమాణం చేశారు. కార్మెల్ సెపులోని ఉపప్రధాని అయ్యారు. పసిఫిక్ దీవుల మూలాలున్న వారికి ఆ పదవి దక్కడం ఇదే మొదలు.

ఎక్కడా తోపులాట లేకుండా అధికారం చేతులు మారడం కళ్లారా చూశాను, ఎంతో బాగుంది. కానీ మీ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఎన్నికలు అక్టోబరు 14న. జనం తీర్పు అప్పుడు తెలుస్తుంది. జెండా మోసి, గడపగడపా తిరిగే సభ్యుణ్ణి మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఒక్కరే నిలబడినా సరే, అవునో కాదో సభ్యులచేత చెప్పించాలని నాకనిపిస్తోంది. మీ సంఘంలో ఎన్నిక ఏకగ్రీవమైతే ఏం చేసేవారు? వివరంగా రాయండి.